లెక్కలోకి రాని కర్రలు

పొగాకు అల్లిన చేత్తో అన్నం తింటే మూడు పూటలు చేదే. ఆకు బంక వేళ్ళ సందుల్లో నల్లగా పట్టుకుంటుంది. సబ్బుకు పోదు, ఇసక పెట్టి రుద్దినా సగమే పోతుంది. కందుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన నా ఈడు ఆడవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ పక్కన తాటాకు పందిరి, దాని కింద వరసగా కూలికొచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ ముందు పచ్చాకు కుప్ప. రెండు మూడు ఆకుల కాడలు కలిపి, పురికొస ఒక మెలిక తిప్పి, కర్రకు ఈ పక్కొకటి ఆ పక్కొకటి. కర్ర నిండితే పక్కన పెట్టి ఇంకోటి అందుకోవడం. ఎవరెన్ని కర్రలు అల్లారో చూసుకుని మా నాన్న బొగ్గుముక్కతో బ్యారన్ గోడ మీద వాళ్ళ వాళ్ళ పేర్ల కింద గీతలు గీసేవాడు. నాలుగు నిలువు, అయిదోది అడ్డం. సాయంత్రం ఆ గీతలు పుస్తకంలోకి ఎక్కించుకుని కూలి ఇచ్చేవాడు.

బడి వదిలితే నేనూ అక్కా ఆ పందిట్లోకే. పుస్తకాల సంచి అరుగు మీద పడేసి కూర్చుంటే చీకటి పడేలోపు నేను పదిహేను కర్రలు అల్లేదాన్ని, అక్క ఇరవై దాటించేది. నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒకరోజు అడిగాను, "నాన్నా, నా గీతలేవి?" అని. కూలోళ్ళు పకపకా నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. "నీకు గీతలేందే పిచ్చిదానా, మనింటి పనేగా" అన్నాడు. అదీ నిజమే కదా అనుకుని ఇంకో కర్ర తీసుకున్నాను. మా తమ్ముడు అప్పుడు పాత సైకిల్ టైరును పుల్లతో దొర్లించుకుంటూ పందిరి చుట్టూ తిరుగుతున్నాడు. వాడిదీ ఆ ఇల్లేనని నాకప్పుడు తట్టలా.

ముందే చెప్పేస్తా, మా నాన్న చెడ్డవాడు కాడు. మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. కందుకూరు పోయొస్తే ముందు నా చేతికీ అక్క చేతికీ పొట్లం ఇచ్చి, తరవాతే తమ్ముణ్ణి పిలిచేవాడు. ఈ మాట ఎందుకంటున్నానంటే, కొడుకునీ కూతుర్నీ వేరుగా చూస్తారు అనగానే చాలామంది, కూతుర్ని వాతలు పెట్టి, పస్తులుంచి పెంచే ఇల్లు ఊహించుకుంటారు. "మా ఇంట్లో అట్టాంటివి లేవమ్మా, మాకు ఆడపిల్లంటే ప్రాణం" అని పక్కకు తప్పుకుంటారు. మా ఇంట్లోనూ ప్రాణమే. ప్రేమకు మాకెప్పుడూ కరువు రాలేదు. తేడా అంతా పద్దుల్లో ఉంది. కొడుక్కి పెట్టిన రూపాయికి ఒక పేరు, కూతురికి పెట్టిన రూపాయికి ఇంకో పేరు. కొడుకు చేస్తే బాధ్యత, కూతురు చేస్తే ప్రేమ. బాధ్యత తీర్చినవాడికి వాటా ఉంటుంది. ప్రేమ చూపించినదానికి చీరె పెడతారు.

ఇది నేను కూర్చుని కట్టిన సిద్ధాంతం కాదు. మా నాన్న చేతిరాతలో దొరికింది.

ఆయన 2021లో పోయారు. దినాలయ్యాక ట్రంకు పెట్టె సర్దుతుంటే ఆయన లెక్కల పుస్తకాలు బయటపడ్డాయి. ఎర్ర గుడ్డ అట్టలు, చెమ్మకు అంటుకుపోయిన కాగితాలు. ఒక పక్క పెట్టుబడి, ఒక పక్క ఇంటి ఖర్చు అని విడివిడిగా రాసుకునేవారు. ఎరువులు, బ్యారన్‌కు కట్టెలు, ఆకు కోసే రెలుపుల కూలి, పురికొస అన్నీ పెట్టుబడి కింద. ఉప్పూ పప్పూ, చుట్టాల పెళ్ళి చదివింపులు, ఆసుపత్రి ఇవన్నీ ఇంటి ఖర్చు కింద. 1998 పుస్తకంలో "చిన్నమ్మాయి కాలేజీ ఫీజు, బస్సు పాసు" అని చిన్న అక్షరాలతో ఇంటి ఖర్చు కిందుంది. దాని పైన ఇంగువ, కింద దీపావళి టపాకాయలు. 2001 పుస్తకంలో "బాబు ఇంజినీరింగు సీటు" అని ఉంది, పెట్టుబడి కింద. బ్యారన్ గొట్టాల మరమ్మతుకీ బోరు మోటారుకీ మధ్యలో.

నాన్న ఆలోచించి రాసి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. అలవాటుగా, చెయ్యి ఎటు పోతే అటు రాసుకుపోయారు.

అసలు మా తమ్ముడి కథ నెల్లూరులోనే మొదలయింది. మా అక్క 1978లో, నేను 1981లో. ఇద్దరూ ఆడపిల్లలే అయ్యేసరికి మా అమ్మ స్వర్ణాల చెరువుకు పోయి రొట్టెల పండగలో సంతాన రొట్టె పట్టుకుంది. తెలియనివాళ్ళకు చెబుతున్నా, బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరుగుతుంది ఆ పండగ. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని ఎవరి కోరికకు తగ్గ రొట్టె వాళ్ళు చెరువులో నిలబడి మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి ఆ రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. కులం మతం ఏమీ ఉండదు, నాకు చాలా ఇష్టమైన పండగ. రొట్టె పేరు సంతాన రొట్టేగానీ మగ సంతాన రొట్టె అని ఎక్కడా లేదు. అమ్మ మనసులో ఉంది. 1983లో తమ్ముడు పుట్టాడు. అమ్మ మరుసటి పండక్కు పోయి రొట్టె తీర్చుకుని, ఆపరేషన్ చేయించుకుంది. ఆడపిల్ల కావాలని ఆ చెరువులో దిగినవాళ్ళు ఉన్నారేమో, నాకైతే తగల్లేదు.

మా కందుకూరునూ ఆడపిల్లలాగే తిప్పారని నేను జోకేస్తుంటాను. నెల్లూరు జిల్లాలో ఉన్నదాన్ని 1970లో కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాకు పంపారు, అదే తరవాత ప్రకాశం అయింది. 2022లో మళ్ళీ నెల్లూరుకు తెచ్చారు. అక్కడితో కూడా ఆ గొడవ తెమల్లేదు. ఏ ఇంటికి పంపితే ఆ ఇంటి పేరు పెట్టుకుని ఉండాలి, ఊరైనా అంతే.

చదువు సంగతి పెద్దగా చెప్పేదేం లేదు, ఇంటింటి కథే. నాకు ఇంటర్లో తమ్ముడి కంటే ఎక్కువే వచ్చాయి. నన్ను బస్సులో పోయొచ్చే డిగ్రీలో వేశారు, వాణ్ణి నెల్లూరులో రెసిడెన్షియల్ కాలేజీలో. కాకపోతే ఇక్కడ వాడి తరఫున ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ కాలేజీ నుంచి వాడు రెండుసార్లు పారిపోయి వచ్చాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెట్టేవాళ్ళట. వాడికి లెక్కలు ఎక్కవు, ఎడ్లంటే పిచ్చి. ఒంగోలు గిత్త కనపడితే దాని పళ్ళు చూసి వయసు చెబుతానని నిలబడేవాడు. రెండోసారి పారిపోయి వచ్చినప్పుడు నాన్న వాడి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "నువ్వు నిలబడకపోతే ఈ ఇల్లు నిలబడదురా" అన్నాడు. నాకా మాట ఎవరూ ఏనాడూ అనలేదు. అప్పట్లో అసూయపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే పదహారేళ్ళ పిల్లాడి నెత్తిన ఇంటి దూలం పెట్టడం ఏం ప్రేమ అనిపిస్తుంది. సీటు కొన్నారు, చదివాడు, నాలుగు సబ్జెక్టులు మిగిలాయి, తిరిగి పొలానికే వచ్చాడు. 2015లో పొగాకు రేటు పడిపోయి మా జిల్లా రైతులు ప్రాణాలు తీసుకున్న ఏడాది, వాడు రాత్రుళ్ళు బ్యారన్ అరుగు మీద ఒక్కడే కూర్చునేవాడని అమ్మ ఫోన్లో ఏడ్చింది. బ్యారన్ లైసెన్సు వాడి పేరుతోనే, అప్పూ వాడి పేరుతోనే. ఆ వారం నా గాజులు నాలుగూ తీసుకెళ్ళి అమ్మ చేతిలో పెట్టొచ్చాను, కుదవ పెట్టుకోమని. మా ఆయనకు చెప్పింది రెండు నెలల తరవాత.

ఆ గాజులు ఏ పుస్తకంలోనూ లేవు. వెతికాను. 2015 పుస్తకంలో "బంగారం కుదవ" అని ఉంది, ఎవరి బంగారమో లేదు.

ఇక కట్నం. "మీ పెళ్ళిళ్ళకు ఇచ్చాంగా, అదే మీ వాటా" అనే మాట మా వైపు ఎంత గట్టిగా చెబుతారంటే, విన్నవాళ్ళకు అది చట్టమేమో అనిపిస్తుంది. ఈ మాటకు జవాబు చెప్పకుండా మిగతాదేం మాట్లాడినా గాలి కబుర్లే కాబట్టి కాస్త నిలబడి చూద్దాం.

2003లో నా పెళ్ళికి రెండు లక్షల రొక్కం, పది సవర్ల బంగారం పెట్టారు. అప్పుడు మా పొలం ఎకరం సుమారు లక్ష. మాకున్నది ఆరెకరాలు. ముగ్గురు పిల్లలకు పంచితే తలా రెండు. అంటే ఆ రోజు లెక్కకు నాకు అన్యాయం జరగలేదు, నేనే ఒప్పుకుంటున్నా. కానీ ఆ రెండు లక్షలు ఎవరికిచ్చారు? నా చేతికి రాలేదు, నా పేరున బ్యాంకులో పడలేదు. మా మామగారి చేతిలో పెట్టారు. ఆ నోట్ల కట్టలు ఆరు నెలలు ఆయన బీరువాలో ఉండి, మా ఆడబిడ్డ పెళ్ళిలో వాళ్ళ వియ్యంకుల చేతికి పోయాయి. అక్కణ్ణుంచి ఇంకే ఆడపిల్లతో ఇంకే ఇంటికి పోయాయో ఆ వెంకటేశ్వరుడికే తెలియాలి. ఆడపిల్లల పేరు చెప్పుకుని మగవాళ్ళ చేతులు మారే డబ్బు అది. ఏ ఆడపిల్ల దగ్గరా ఆగదు. పొలం అలా కాదు, ఉన్నచోట ఉంటుంది. రామాయపట్నం పోర్టు మాట ఖాయమయ్యాక మా దిక్కు ఎకరం ధర నోటితో చెప్పలేని చోటికి పోయింది. నాకిచ్చిన రొక్కంలో రూపాయి మిగల్లేదు, తమ్ముడికి మిగిల్చిన మట్టి బంగారమైంది. ఇందులో వాడి తెలివీ లేదు, నా తెలివితక్కువా లేదు. ఎవరికి ఏ రూపంలో ఇచ్చారన్నదే తేడా.

పోనీ కట్నం వాటాలో చెల్లు అయితే, వాడి ఇంజినీరింగు సీటు ఎవరి వాటాలో చెల్లు వేశారు? ఈ ప్రశ్న అడిగితే మా పెదనాన్న కొడుకు నన్ను వింతగా చూశాడు. "వాడి చదువుకూ పొలానికీ ఏం సంబంధం అక్కా?" అన్నాడు. నా పెళ్ళికీ పొలానికీ ఉన్న సంబంధం మాత్రం ఆయనకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

చట్టం వైపు నుంచి చూస్తే ఇది ఇంకా విడ్డూరం. హిందూ వారసత్వ చట్టం 1956 నుంచీ, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురు వారసురాలే. పిత్రార్జితంలో పుట్టుకతో వచ్చే హక్కు మాత్రం అప్పట్లో మగపిల్లలకే ఉండేది. దాన్ని మన రాష్ట్రం దేశం కంటే ముందే మార్చింది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, ఆ తేదీకి పెళ్ళి కాని కూతుళ్ళకు కొడుకులతో సమానమైన వాటా ఇచ్చింది. ఆ రోజుకు నాకు నాలుగేళ్ళు, అక్కకు ఏడు. మేం ముక్కు చీదుకుంటూ తిరుగుతున్న రోజుల్లోనే మాకు హక్కు వచ్చేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా అన్న పేచీని కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది, అక్కర్లేదని. మరోపక్క వరకట్న నిషేధ చట్టం 1961ది. అంటే మా పెద్దలు 1961 నుంచి నేరమైన దాన్ని తెచ్చి 1956 నుంచి హక్కయిన దానికి చెల్లు వేస్తున్నారు. ఇంత చక్కటి పద్దు ఏ షావుకారూ రాయలేడు.

ఆ 2020 తీర్పు విన్నప్పుడు సంతోషపడుతూనే ఒకచోట నాకు ముల్లు గుచ్చుకుంది. కొడుకు పెళ్ళాం వచ్చేదాకే కొడుకు, కూతురు జీవితాంతం ప్రేమగల కూతురే అన్న పాత మాటను జడ్జిగారు మళ్ళీ గుర్తు చేశారు. పేపర్లన్నీ ఆ మాటనే పెద్దక్షరాలతో వేశాయి, వాట్సాప్‌లో పూలబొమ్మలు పెట్టి తిప్పారు. ఏం, ప్రేమ లేని కూతురికి వాటా రాదా? కొడుకు ప్రేమగలవాడా కాదా అని ఏ కోర్టూ అడగదే! హక్కు ఇచ్చే చోట కూడా మాకు ప్రేమ సర్టిఫికెట్ తప్పలేదు.

"కొడుకైతే ముసలితనంలో చూస్తాడమ్మా" అంటారు. చూడ్డం అంటే ఏందో 2019లో నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు దగ్గర్నుంచి చూశాను. మొదటి ఇరవై రోజులు నెల్లూరు ఆసుపత్రిలో నేనున్నా, బడికి సెలవు పెట్టి. నేను టీచర్ని. తరవాత రెండేళ్ళు ఇంట్లో. తమ్ముడు మందులు తెచ్చాడు, కారు మాట్లాడాడు, అప్పు చేశాడు. కాదనను. కానీ నాన్నను పక్కకు తిప్పింది, వీపు మీద పుండు పడకుండా పౌడర్ అద్దింది, మలం ఎత్తింది, గొంతులో అడ్డం పడకుండా జావ చెంచాతో పోసింది మా మరదలు. మూడు మైళ్ళ అవతలి నుంచి వచ్చే చుట్టాలు నాన్న మంచం పక్కన కుర్చీ వేసుకుని, "కొడుకంటే అట్టా ఉండాలి" అని పోయేవాళ్ళు. ఆ పిల్ల వాళ్ళకు కాఫీ తెచ్చిచ్చి గ్లాసులు తీసుకెళ్ళేది. కొడుకు చూశాడు అంటే మన ఇళ్ళల్లో తొంభై పాళ్ళు అర్థం, ఎవరో కన్న కూతురు చూసిందని. వాళ్ళమ్మకు జ్వరమొస్తే ఆమె రెండు రోజులు పోయిరావడానికి మాత్రం నాలుగుసార్లు అడగాలి. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. దేశం లెక్క అది. నిమిషాలు లెక్కపెట్టినవాళ్ళు మా మరదల్ని చూసి ఉంటే వాళ్ళ గడియారం చాలేది కాదు.

బాధ్యత దగ్గర చట్టం ఎప్పుడో కూతుర్ని లెక్కలోకి తీసుకుంది. పెళ్ళయిన కూతురు కూడా తండ్రిని పోషించాల్సిందేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలోనూ పిల్లలంటే కొడుకూ కూతురూ ఇద్దరూ. అది సబబే. ఆ బరువు నేనెప్పుడూ వద్దనలేదు. మా బంధువులకు చట్టంలో ఈ ముక్క మాత్రం ఇట్టే గుర్తుంటుంది. తాలూకాఫీసులో పనిచేసే మా బాబాయి ఒకాయన, "ఇప్పుడు కూతుళ్ళూ చూడాలమ్మా, రూలుంది" అని నాతోనే అన్నాడు. వాటా రూలు ఆయనకు తెలియనట్టే ఉండిపోయాడు.

మాది ఆడవాళ్ళు లేచిన గడ్డ అని మేం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటివాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరదీపం రాత్రి బడుల్లో పలకలు పట్టిన ఆడవాళ్ళు సారా వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ గాలిలో మా మేనత్త కూడా లేచింది. ఆమెను కావలి పక్కన ఇచ్చారు. రాత్రి బడికి పోయి నలభై ఏళ్ళప్పుడు సంతకం నేర్చుకుంది. మా ఇంటికొచ్చి నా నోటుబుక్కులో తన పేరు రాసి చూపించి, "చూశావా, వేలిముద్ర కాదింక" అని మురిసిపోవడం నాకు బాగా గుర్తు. ఆ సంతకం దస్తావేజు మీద ఆమె పెట్టిన మొదటి చోటు ఏదో తెలుసా? మా నాన్నకు రాసిచ్చిన హక్కు విడుదల పత్రం. నాన్న ట్రంకులో అదీ దొరికింది. వంకర అక్షరాలు, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కి రాసింది.

అంటే మా ఆరెకరాల్లో మా మేనత్తదీ ఉంది. ఆ పొలం మీద వచ్చిన డబ్బుతోనే నేను డిగ్రీ, బీఈడీ చదివాను, ఆ డబ్బే నాకు కట్నమైంది. కాబట్టి నేనేదో ఆకాశం నుంచి ఊడిపడ్డ న్యాయదేవతను కాను. అత్తయ్యకు ఏటా సంక్రాంతికి చీరె పెట్టేవాళ్ళం. నేనే ఎంపిక చేసి తెచ్చేదాన్ని.

ఇప్పుడు మారిపోయింది కదా అంటారు. కొంత మారింది. నేను పాఠం చెప్పేది ప్రభుత్వ బడిలో. పోయినేడు నా అయిదో తరగతిలో ఇరవై ఇద్దరు పిల్లలుంటే పద్నాలుగుమంది ఆడపిల్లలు. వాళ్ళ తమ్ముళ్ళు తెల్లారి మా గేటు ముందు నుంచే పసుపు రంగు బస్సులో టై కట్టుకుని పోతారు. బస్సు కిటికీలోంచి అక్కకు చెయ్యి ఊపుతారు, అక్క కూడా ఊపుతుంది. ఎవరికీ కోపం లేదు, అందరికీ ప్రేమే. నా ఇంటి సంగతి కూడా దాచనెందుకు? అన్నం తింటూ మంచినీళ్ళు కావాలంటే నా నోట్లోంచి ముందు వచ్చేది కూతురి పేరే. కొడుకు బిందెకు దగ్గరగా కూర్చున్నా అంతే. మా అమ్మాయి ఒకరోజు లేవకుండా, "వాడికి కాళ్ళున్నాయిగా అమ్మా" అంది. నాకు ముందు కోపమే వచ్చింది.

నాన్న పోయిన మూడో నెలలో తమ్ముడు సంతకాలకు పిలిచాడు. అక్క అంతకుముందే పెట్టేసింది. "వాడి ముఖం చూసి కాదనలేనే, రేపు నాకు పుట్టిల్లంటూ ఒకటుండాలిగా" అంది. దీని గురించి చాలామంది ఆడవాళ్ళు పైకి చెప్పరు. మేం వాటా వదులుకునేది డబ్బు మీద విరక్తితో కాదు. ఏడాదికి నాలుగు రోజులు పోయి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునే చోటు కోసం. ఆ నాలుగు రోజుల ధర రెండెకరాలు. కొడుక్కి అదే ఇంట్లో మూడొందల అరవై రోజులు ఉచితం.

దస్తావేజులు రాసే ఆయన రేకుల షెడ్డులో కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. నా ఆధార్ తీసుకుని పేరు కొట్టి, కాగితం తీసిచ్చాడు. చదివాను. "నాకు గల యావత్తు హక్కును ప్రేమాభిమానములచేత, ఎవరి బలవంతము లేకుండా, నా పూర్తి ఇష్టముతో వదులుకొనుచున్నాను" అని ఉంది. రెండుసార్లు చదివి అడిగాను, "వదులుకుంటున్నాను అని కాకుండా, ఇస్తున్నాను అని రాయండి. నా వాటా ఇంత, దీన్ని మా తమ్ముడికి ఇస్తున్నాను అని."

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. "రెండూ ఒకటే గదమ్మా."

"ఒకటే అయితే రాయండి."

"అది దానం కింద పోద్దమ్మా. దానికి కాగితం వేరు, ఖర్చు వేరు. మనది విడుదల. అందరూ ఇదే పెడతారు, మీ అక్కయ్యగారు కూడా ఇదే పెట్టారు."

నాకు కావాల్సింది ఆ తేడాయే. వదులుకోవడానికి అది నాదని ఎవరూ అనుకోనక్కర్లేదు. చేతికి అంటుకున్న దుమ్ము కూడా వదులుతుంది. ఇవ్వాలంటే ముందు నాదని ఒప్పుకోవాలి. ఒక్క రోజు, ఒక్క కాగితం మీద, అది నాదని రాసి ఉంటే మర్నాడు తమ్ముడికి ఇచ్చేసేదాన్నేమో. తమ్ముడు బయట కొబ్బరి బోండాం కొట్టించుకొచ్చి నా చేతికిచ్చాడు. "ఏందక్కా, ఏమన్నా తప్పు పడిందా?" అన్నాడు. చిన్నప్పుడు కాలేజీ నుంచి పారిపోయొచ్చినప్పటి ముఖమే. నీళ్ళు తాగాను. తరవాత చూద్దాంలేరా అని బస్సెక్కాను.

నాలుగేళ్ళయింది. పొలం వాడే చేసుకుంటున్నాడు. నేను కౌలు అడగలేదు, వాటా పంచమనలేదు. సంతకం పెట్టలేదు, అంతే. వాడు పండక్కి ఫోన్ చేసి పిలుస్తూనే ఉన్నాడు. మాట తగ్గించింది మా మరదలు. ఆమెకు నా మీద కోపం వచ్చిందని అమ్మ చెబితే నాకు విచిత్రంగా అనిపించింది. నాన్నకు అంత చేసిన మనిషి, ఆ ఇంట్లో ఆమె పేరున కూడా ఒక సెంటు లేదు.

పోయిన సంక్రాంతికి వెళ్ళాను. కనుమ నాడు మధ్యాహ్నం అందరూ తిని పడుకున్నారు. నేను అరుగు మీద ఉన్నాను. మరదలు లోపలి నుంచి ఒక పాలిథిన్ కవరు తెచ్చి నా పక్కన కూర్చుంది. అందులో నాలుగు జిరాక్స్ కాగితాలు, మడతల దగ్గర నల్లటి పొడి రాలుతోంది. వాళ్ళది పొదిలి పక్క. 2012లో వాళ్ళ అన్నకు సంతకం పెట్టొచ్చిందట.

"ఒకసారి ఇది చదువు వదినా" అంది. "నేనూ పది దాకా చదివాగానీ ఈ భాష నాకు ఎక్కదు. ఆరోజు చదవనీలా. టైమైపోతుంది, ముందు పెట్టు, తరవాత చూసుకుందువుగాని అన్నారు. నువ్వు పెట్టనన్నావని తెలిసినప్పుడు నాకు వొళ్ళు మండింది. ఎందుకు మండిందో నాకే తెలీలా."

చదివాను. అదే భాష, ఒక్క ముక్క తేడా లేదు. ప్రేమాభిమానములచేత అన్నచోట నేను ఆగితే, "ఊఁ, చదువు" అంది. చివరి పేజీలో షెడ్యూలు, సర్వే నంబర్లు, తూర్పు పడమర హద్దులు. విస్తీర్ణం దగ్గరకొచ్చాను.

"ఎకరా ముప్పై సెంట్లు."

"మళ్ళీ చదువు."

"ఎకరా ముప్పై సెంట్లు."

మరదలు కాగితం నా చేతిలోంచి తీసుకుని ఆ అంకె మీద వేలు పెట్టింది. గోరు సందున పొగాకు బంక నల్లగా ఉంది.

"అరెకరమేనన్నాడే మా అన్న" అంది.